చక్రాల మీద ఇల్లు, ఇంటితోపాటు వంటిల్లు

ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కాబట్టి, సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 38 ఏళ్లు. ఒక కంపెనీలో జీతాల విభాగంలో పనిచేస్తారు. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, పాపకు ఎనిమిదేళ్లు. అక్కడ స్థిరపడి పదకొండేళ్లు అవుతున్నా, ధవళేశ్వరంలో ఉండే అత్తమామలు ఈ జూన్‌లోనే మొదటిసారి వస్తున్నారు. మామగారు నీటిపారుదల శాఖలో కాలువ లాకుల మీద పనిచేసి రిటైరయ్యారు. వయసు 71, షుగరు ఉంది, రాత్రిళ్లు మూడుసార్లు లేస్తారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పైగా ఆవిడ బయటి తిండి ముట్టరు. గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర సమాధి మీద ఒక్కసారి నాలుగు పువ్వులు వేసి రావాలన్నది మామగారికి ఎన్నో ఏళ్లుగా ఉన్న కోరిక.

ఆ కోరికను పట్టుకుని భర్త ఆగస్టు మొదటి రెండు వారాలకు ఆరుగురు పడుకోగల మోటార్‌హోమ్ ఒకటి అద్దెకు మాట్లాడారు. 14 రాత్రులు, 9 మజిలీలు. కాటన్ సమాధి ఉన్న డార్కింగ్‌తో మొదలుపెట్టి కార్న్‌వాల్, కాట్స్‌వోల్డ్స్, పీక్ డిస్ట్రిక్ట్, లేక్ డిస్ట్రిక్ట్, యార్క్ చూసుకుని ఇంటికి చేరాలి. ‘తొందర లేకుండా, పల్లెలు చూసుకుంటూ, నచ్చినచోట ఆగుతూ తిరుగుదాం’ అని ఆయన మాట. అడ్వాన్సు కట్టేశాకే భార్యకు చెప్పారు. మిగతా సొమ్ము ఈ నెలాఖరులోగా కట్టాలి. వీడియో కాల్‌లో ఈ కబురు చెప్పినప్పుడు మామగారి కళ్లు చెమర్చాయట. అత్తగారు మాత్రం ‘నేను ఇంటి దగ్గరే ఉంటాలే, మీరు వెళ్లి రండి’ అన్నారు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

పాఠకురాలి బాధ వేరు. నిరుడు స్నేహితుల కుటుంబాలతో కలిసి పెంబ్రోక్‌షైర్‌లో ఒక ఇల్లు తీసుకుని మూడు రోజులు గడిపారు. ఆ మూడు రోజులూ సముద్రాన్ని వంటింటి కిటికీలోంచే చూశాననీ, పుల్కాలు కాల్చడం అయ్యేసరికి బయట పొద్దు వాలిపోయేదనీ రాశారు. ఇప్పుడు ఆ వంటిల్లు రెండడుగుల గట్టుకు కుదించుకుపోతుంది, తినేవాళ్లేమో ఐదుగురు. ఈ ప్రయాణానికి పది రోజుల సెలవు పోతుంది. ఆ సెలవు డిసెంబరులో తెనాలిలో ఉన్న తన తల్లి దగ్గరికి వెళ్లడానికని దాచుకున్నది. తల్లిని చూసి రెండేళ్లు దాటింది. ‘వద్దంటే కోడలు ఓర్వలేకపోయిందంటారు. సరేనంటే పద్నాలుగు రోజులు నవ్వుతూ వండిపెట్టాలి. నాకు ఇంగ్లండ్ పల్లెలంటే ఇష్టం లేక కాదు. ఏం చేయమంటారు?’ అని అడిగారు.

సమాధానం:

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మోటార్‌హోమ్ గురించి రాసిన ఉత్తరంలాగే కనిపించింది. రెండోసారి చదివితే అందులో మూడు పోగులు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయని అర్థమైంది. ఒకటి మామయ్యగారి కోరిక, రెండోది మీవారి సరదా, మూడోది మీ సెలవు. మీ ఇంట్లో ఈ మూడింటినీ ఒకే మాటగా మాట్లాడుకుంటున్నారు. అందుకే ప్రయాణం గురించి మీకు ఏ చిన్న సందేహం వచ్చినా, అది మామయ్యగారి కోరికకు అడ్డుపడ్డట్టు మీకే తోస్తోంది. ముందు ఈ పోగుల్ని విడదీసి చూద్దాం.

సర్ ఆర్థర్ కాటన్ 1899లో డార్కింగ్‌లో కన్నుమూశారు, ఆ పట్టణపు శ్మశానవాటికలోనే ఆయన సమాధి ఉంది. మీరుండే రెడింగ్ నుంచి డార్కింగ్‌కు మధ్యలో మారనక్కర్లేని రైలుంది. గిల్‌ఫర్డ్ మీదుగా గంట అటూఇటూగా డార్కింగ్ డీప్‌డీన్ స్టేషన్లో దింపుతుంది. అక్కడి నుంచి టాక్సీలో కాసేపు. అంటే మామయ్యగారి కోరిక తీర్చడానికి మోటార్‌హోమ్‌తో పని లేదు, ఆగస్టు దాకా ఆగనక్కర్లేదు, మీరు సెలవు పెట్టనక్కర్లేదు. వాళ్లు దిగి నాలుగు రోజులు నిద్ర తీరాక, జూన్‌లో ఏదో ఒక శనివారం పొద్దున ఇంట్లో పులిహోర కలుపుకుని బయల్దేరితే సాయంత్రానికి తిరిగి వచ్చేయవచ్చు. నిజానికి ఏడు మీటర్ల బండిని డార్కింగ్ వీధుల్లో ఎక్కడ నిలపాలా అని వెతుక్కోవడం కన్నా ఇదే మర్యాదైన పద్ధతి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట నీడన బతుకంతా గడిపిన మనిషికి, ఆ సమాధి దగ్గర కూర్చునే అరగంటలో పార్కింగ్ గడియారం వైపు చూసే అవసరం ఉండకూడదు.

ఈ ఒక్క సంగతి తేలిపోతే, మోటార్‌హోమ్ ఎవరి కోరికో స్పష్టమవుతుంది. అది మీవారిది. అందులో తప్పేమీ లేదు. పదకొండేళ్లుగా తల్లిదండ్రులను వీడియోలో చూస్తున్న కొడుకు, వాళ్లు వచ్చి ఉండే మూడు నెలల్లోనే అన్నీ చూపించేయాలని ఆత్రపడతాడు. నాన్నకు మళ్లీ ఇంత ఓపిక ఉంటుందో లేదో అన్న భయం ఆ తొమ్మిది మజిలీల్లోనూ కనిపిస్తోంది. అయితే మజిలీలన్నీ కలిపి చూస్తే వెయ్యి మైళ్లు దాటుతుంది. రోజున్నరకో చోటు మారుతూ ఉండే ప్రయాణాన్ని తీరికైన ప్రయాణం అనలేం. మన కాశీయాత్ర బస్సులు కూడా ఇంతకన్నా ఎక్కువసేపే ఆగుతాయి. పైగా ఆ బస్సుల్లో జీతం తీసుకునే వంటమనిషి వెంట వస్తాడు.

ఆ బండిలో ఒక పూట ఎలా గడుస్తుందో మీవారు ఊహించి ఉండరని నా అనుమానం. ఐదుగురికి పడకలు ఎలా సర్దుతారు? డ్రైవరు తల మీద ఉండే పడకకు నిచ్చెన ఎక్కాలి, అది అత్తయ్యగారి వల్ల కాదు. వెనక ఉండే స్థిరమైన మంచం పెద్దవాళ్లకు ఇస్తారు, ఇవ్వాలి కూడా. పైపడక మీవారికి. భోజనాల బల్లను కిందికి దించి, దాని మీద దిండ్లు పరిస్తే అయ్యే పడక మీకూ పాపకూ మిగులుతుంది. ఇప్పుడు మామయ్యగారు అలవాటు ప్రకారం నాలుగున్నరకు లేచారనుకోండి. ఆయన కాఫీ తాగాలంటే బల్ల కావాలి. బల్ల కావాలంటే మీరు లేవాలి, పాపను లేపాలి, దుప్పట్లు మడవాలి, దిండ్లు తీయాలి, బల్ల ఎత్తాలి. ఇదంతా పొయ్యి వెలిగించక ముందు పని. రాత్రి మూడుసార్లు ఆయన మరుగుదొడ్డికి వెళ్లేది కూడా బహుశా మీ పడక పక్కనుంచే. మీరు ఉత్తరంలో రాయని మాట ఒకటి నేను రాస్తాను: ఏడు మీటర్ల గదిలో మామగారి ముందు బట్టలు మార్చుకోవడం, నైటీలో తిరగడం, నెలసరి రోజులు గడపడం మీకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో మీవారికి చెబితే తప్ప తెలియదు. వాళ్లు ఆయనకు అమ్మానాన్నలు. ఆయనకు అక్కడ సిగ్గుపడాల్సింది ఏదీ కనిపించదు.

చోటు మారిన ప్రతిసారీ చేయాల్సిన పని ఇంకొకటుంది. బండి నిలుపుకునే మామూలు సైట్లలో మధ్యాహ్నం దాకా లోపలికి రానివ్వరు, ఖాళీ చేసే రోజు పొద్దున 11, 12 గంటలకల్లా బయటపడాలి. ఆలోగా గిన్నెలు ఒక్కటి కూడా కదలకుండా అరల్లో సర్ది గడియలు వేయాలి; లేకపోతే ఒక మలుపులో కదిలిన ఆవకాయ జాడీ తరవాతి మలుపులో నేల మీద ఉంటుంది. వాడిన నీళ్లు వదలాలి, మంచినీళ్ల తొట్టి నింపాలి, కరెంటు తీగ చుట్టాలి. మరుగుదొడ్డి కింద ఇరవై లీటర్ల లోపు పట్టే పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని చేత్తో లాగి, సైటులో అందుకని కట్టిన చోటికి మోసుకెళ్లి ఒంపి, కడిగి, నీలం మందు పోసి మళ్లీ పెట్టాలి. మీవారు ఎంచుకున్న సైట్లలో సగానికి పైగా పొలాల్లో ఐదు బండ్లకు మాత్రమే చోటుండే చిన్న సైట్లని రాశారు. అవి చాలా అందంగా ఉంటాయి, పొద్దున్నే గొర్రెల అరుపు తప్ప ఇంకేమీ వినిపించదు. కానీ వాటిలో చాలావాటిలో ఒక నీళ్ల పంపు, ఆ పెట్టె ఒంపుకునే చోటు తప్ప స్నానాల గదులు ఉండవు. అంటే ఐదుగురికి ఆ ఒక్క పెట్టే గతి. రోజూ దాన్ని మోసేది ఎవరో ముందే తేల్చుకోండి. నేనైతే ఎవరు బండి కావాలన్నారో వాళ్లే మోయాలంటాను.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

అందరూ కలిసి వెళ్లడం ఒక దారి, కానీ ఈ పథకంతో కాదు. తొమ్మిది మజిలీలను రెండు చేయమనండి. మీ రెడింగ్‌లోనే థేమ్స్‌లో కలిసే కెనెట్ నది వెంట ఒక పాత కాలువ పడమటికి పోతుంది. కెనెట్ అండ్ ఏవన్ కాలువ అంటారు. 1810లో పూర్తయి, తరవాత పాడుబడి, బాగుచేశాక 1990లో మళ్లీ తెరిచారు. దాని మీద డివైజెస్ అనే ఊరి దగ్గర, రెండు మైళ్ల దూరంలో 29 లాకులున్నాయి. వాటిలో 16 కేన్ హిల్ అనే వాలు మీద మెట్లలాగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అక్కడ స్వచ్ఛంద సేవకులు కొన్నిసార్లు సాయం చేసినా, లాకు తీసే పని పడవవాళ్లదే. పడవ నడిపేవాళ్లే దిగి, ఇనప పిడి తిప్పి నీళ్లు వదిలి, తలుపుకు అమర్చిన పొడవాటి దూలానికి వీపు ఆనించి తోస్తారు. మొత్తం లాకులన్నీ దాటడానికి అయిదారు గంటలు పడుతుంది. నీళ్లను కట్టడి చేసి పడవలను ఎక్కించి దించిన చేతులు మామయ్యగారివి. ధవళేశ్వరం లాకుల దగ్గర చేసిన మనిషిని అక్కడ ఒక బెంచీ మీద కూర్చోబెడితే సాయంత్రం దాకా లేవరని పందెం కాస్తాను. పక్కనే పడవలు లాగే గుర్రాల కోసం వేసిన దారి ఉంది, మోకాళ్లు సహకరించినంత మేర అత్తయ్యగారు నడవవచ్చు. ఏడెనిమిది మైళ్లలో ఏవ్‌బరీ ఉంది. నిలువురాళ్ల వలయం లోపలే ఊరున్న చోటు అది. గొర్రెలు మేస్తున్న ఆ రాళ్ల మధ్యకు నేరుగా నడిచి వెళ్లి చేత్తో తాకవచ్చు.

డివైజెస్ చుట్టుపక్కల స్నానాల గదులున్న సైటులో అయిదు రాత్రులు, తరవాత కాట్స్‌వోల్డ్స్‌లో ఇంకో నాలుగు రాత్రులు. తేనెరంగు సున్నపురాతి ఇళ్లు, మోకాటి లోతు కూడా లేని విండ్‌రష్ ఏరు మీద పొట్టి వంతెనలు ఉన్న బోర్టన్-ఆన్-ద-వాటర్ లాంటి ఊళ్లు పెద్దవాళ్లకు తప్పక నచ్చుతాయి. ఆగస్టులో పగలు అక్కడ జాతరలా ఉంటుంది, పొద్దున తొమ్మిదికి ముందో సాయంత్రం ఆరు దాటాకో వెళ్లండి. ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఈ మొత్తం 250 మైళ్ల లోపే తేలిపోతుంది. సెలవు కూడా పది రోజులకు బదులు ఆరేడు సరిపోతాయి. కార్న్‌వాల్, లేక్ డిస్ట్రిక్ట్ ఎక్కడికీ పోవు. కార్న్‌వాల్ సందుల్లో రెండువైపులా మట్టిగట్లు బండిని రాసుకుంటూ ఉంటాయి, ఎదురుగా ట్రాక్టరు వస్తే వెనక్కి నడపాలి. లేక్ డిస్ట్రిక్ట్‌లో హార్డ్‌నాట్ కనుమ దారి కొన్నిచోట్ల మూడడుగులకు ఒక అడుగు లేస్తుంది. మొదటిసారి ఇంత బండి పట్టేవాడు తల్లిదండ్రులను ఎక్కించుకుని నేర్చుకోవాల్సిన చోట్లు కావు.

ఈ దారిలో ఉన్న చిక్కు వంటే. మజిలీలు తగ్గినంత మాత్రాన వంట తగ్గదు. కాబట్టి ఒప్పుకునే ముందే షరతు పెట్టండి: పొద్దుటి కాఫీ, టిఫిను మీవారివి; గిన్నెలు ఆయనవీ పాపవీ; మధ్యాహ్నం వేడి అన్నంలోకి పొడి, పచ్చడి, పెరుగు; ఒక్క రాత్రిపూట మాత్రమే మీరు వండుతారు, అదీ ఒక కూరా చారూ. పులిహోర గుజ్జు, ఉప్మా కోసం వేయించిన రవ్వ ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి. షుగరున్న మామయ్యగారికీ, బయటి తిండి ముట్టని అత్తయ్యగారికీ ఇబ్బంది లేకపోతే, రెండు మధ్యాహ్నాలు పల్లె పబ్బులో జాకెట్ పొటాటో, అంటే తొక్కతో కాల్చిన బంగాళాదుంప తిన్నా ధర్మం చెడదు. సైటులో కరెంటు 10 ఆంపియర్లే అయితే కెటిలూ రైస్ కుక్కరూ ఒకేసారి పెట్టినప్పుడు ఫ్యూజు పడిపోతుందని అందరికీ ముందే చెప్పండి. లేకపోతే చీకట్లో తిట్లు తినేది మీరే. పోపు వేసేటప్పుడు పైకప్పు కిటికీ తీయండి. ఎంత చలిగా ఉన్నా బొగ్గుల కుంపటిని మాత్రం లోపలికి తేనివ్వకండి, దాని నుంచి వచ్చే విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇందులోనే చిన్న మార్పు ఒకటి చేయవచ్చు. బండి అలాగే ఉంచి, రాత్రి పడకకు పెద్దవాళ్లకు గానీ మీకూ పాపకూ గానీ దగ్గరలో ఒక గది తీసుకోవడం. ఖర్చు పెరుగుతుంది, ఆగస్టులో గది దొరకడమూ కష్టమే. ‘గదే తీసుకునేదానికి బండి ఎందుకు’ అని మీవారు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. సమాధానం ఏమిటంటే పగలంతా బండి ఆయన కోరుకున్నట్టే ఉంటుంది, రాత్రి మాత్రం తలుపు వేసుకునే హక్కు మీకు ఉంటుంది. సిగ్గు విషయంలో మీకు బాధ ఎక్కువైతే, మజిలీలు తగ్గించడం కన్నా ఇదే ముఖ్యం.

మరో దారి, మీరు రాకపోవడం. పూర్తిగా కాదు. మీవారు తన తల్లిదండ్రులను జూన్‌లోనే ఒక వారం తీసుకువెళ్లవచ్చు. అప్పటికి బడులు మూయరు కాబట్టి సైట్లు ఖాళీగా ఉంటాయి, అద్దె కూడా ఆగస్టులో ఉన్నంత ఉండదు, వెలుగు రాత్రి తొమ్మిది దాటేదాకా ఉంటుంది. మీరూ పాపా శుక్రవారం సాయంత్రం రెడింగ్‌లో రైలెక్కి, ముప్పావుగంటలో ప్యూజీ స్టేషన్లో దిగితే వాళ్లు వచ్చి ఎక్కించుకుంటారు. అక్కడి నుంచి డివైజెస్ పన్నెండు మైళ్లు. ఆదివారం రాత్రికి మీ ఇంట్లో మీరు ఉంటారు. మీ సెలవు ఒక్కటి కూడా పోదు. కానీ పాపను బడి మాన్పించి జూన్‌లో వారమంతా ఉందామని మాత్రం అనుకోకండి. అనుమతి లేకుండా ఐదు బడిరోజులు మానితే జరిమానా నోటీసు పంపవచ్చు, తల్లికీ తండ్రికీ విడివిడిగా. 21 రోజుల్లో కడితే ఒక్కొక్కరికి 80 పౌండ్లు, ఆ గడువు దాటితే 160.

ఈ దారి మీకు సుఖంగా కనిపిస్తుంది, అందుకే ఇందులో ఉన్న మెలిక చెబుతున్నాను. మీరు లేకపోతే ఆ రెండడుగుల గట్టు దగ్గర నిలబడేది మీవారు కాదు, అత్తయ్యగారు. మోకాళ్ల నొప్పులతో, తెలియని దేశంలో, ఊగే బండిలో. ఆ సంగతి ఆవిడకు ఇప్పటికే తట్టి ఉండాలి. ‘నేను ఇంటి దగ్గరే ఉంటాలే’ అన్న మాటను మీరు ముసలితనపు బెరుకు అనుకున్నారు. నాకు మాత్రం అది మీ ఉత్తరంలో ఉన్న భయమే, ఇంకో ముప్పై ఏళ్ల అనుభవంతో అన్నట్టు వినిపించింది. మీవారు వారం రోజులు తానే వండగలిగితే తప్ప ఈ దారికి సై అనకండి. ఆయనకు నిజంగా వంట వచ్చో రాదో మీకు తెలుసు.

మోటార్‌హోమ్‌ను పూర్తిగా మానుకుని, ఒక పల్లెలో మెట్లు లేని ఇల్లు వారం రోజులకు తీసుకోవడం చివరి దారి. అడ్వాన్సులో కొంత పోతుంది. ఎంత పోతుందో ఒప్పందం కాగితంలో రాసి ఉంటుంది, కోపం రాకముందే దాన్ని చదవండి. పెద్దవాళ్ల వరకు చూస్తే నాకు ఇదే అన్నిటికన్నా సుఖమైన దారి అనిపిస్తుంది. అయినా దీన్ని మొదట చెప్పకపోవడానికి కారణం ఉంది. మీవారి సరదాను మొత్తంగా కొట్టిపారేసిన పని అవుతుంది, ఆ లెక్క ఆయన ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటారు. పైగా పెంబ్రోక్‌షైర్‌లో మీకు దొరికింది కూడా ఇల్లే కదా. గోడలు మారినా పుల్కాలు ఎవరు కాలుస్తారన్న ప్రశ్న మారలేదు.

ఏ దారి పట్టినా, మాట మొదట మీవారితోనే, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. అత్తయ్యగారి ద్వారా కబురు పంపకండి, వీడియో కాల్‌లో మూతి ముడవకండి. ‘నాకు ఇష్టం లేదు’ అన్న మాటతో మొదలుపెడితే వాదన మీ ఇష్టం చుట్టూ తిరుగుతుంది. దానికి బదులు ఒక కాగితం తీసుకుని, బండిలో ఒక రోజు పొద్దున నాలుగున్నర నుంచి రాత్రి పడకలు పరిచేదాకా ఉన్న పనులన్నీ వరసగా ఆయన చేతే రాయించండి. ప్రతి పని ఎదురుగా ఒక పేరు రాయమనండి. మీ పేరు ఎన్నిసార్లు వచ్చిందో ఆయనే లెక్కపెడతారు. జీతాల విభాగంలో పనిచేసే మీకు ఇలాంటి పట్టిక గీయడం నేను నేర్పనక్కర్లేదు.

సెలవు మాట మాత్రం విడిగా, సూటిగా చెప్పాలి. ‘డిసెంబరులో నేను తెనాలి వెళ్తున్నాను, దానికి పది రోజులు పక్కన పెట్టాను, మిగిలినవాటిలోంచే మీ అమ్మానాన్నల కోసం ఎన్ని కావాలన్నా తీసుకుంటాను’ అంటే చాలు. ఇందులో క్షమాపణ లేదు, దెప్పిపొడుపు లేదు. తన తల్లిదండ్రుల కోసం వెయ్యి మైళ్లు బండి తోలడానికి సిద్ధపడ్డ మనిషికి, మీ అమ్మను చూడాలన్న మీ కోరిక అర్థం కాకపోదు. ఇప్పటిదాకా మీరు ఆయనకు చెప్పనేలేదని మీ ఉత్తరంలోనే ఉంది.

బండికే ఒప్పుకుంటే, డబ్బు కట్టేముందు అద్దెకిచ్చేవాళ్లను రెండు సంగతులు అడిగించండి. ఆరుగురు పడుకునే బండి అంటే బెల్టులున్న సీట్లు ఆరు ఉన్నాయని అర్థం కాదు. మీరు ఐదుగురు, మీ పాప పన్నెండేళ్లు నిండేదాకా లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా పిల్లల సీటు తప్పనిసరి. ఆ సీటు పట్టేలా ముందువైపుకు తిరిగి ఉన్న సీటు కావాలి, పక్కవైపు తిరిగిన సోఫా పనికిరాదు. రెండోది బరువు. మీవారు 1997 తరవాత కారు లైసెన్సు తీసుకున్నవారే కాబట్టి 3,500 కిలోలు దాటిన బండిని నడపకూడదు. ఆ 3,500లో మీ ఐదుగురూ, నూరు లీటర్ల నీళ్లూ, బియ్యం మూటా, పెద్దవాళ్ల సూట్‌కేసులూ అన్నీ కలిసే ఉంటాయి. ఎంత సామాను ఎక్కించవచ్చో అంకెతో సహా చెప్పమనండి. బండి ఎత్తును కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించుకోమనండి. మూడు మీటర్ల బండితో కారు పార్కింగ్ ఇనప కమ్మీ కింద దూరినవాళ్లు తరచూ ఉంటారు. ‘నచ్చినచోట ఆగుదాం’ అన్న మాట ఇంగ్లండ్‌లో రాత్రిపూట కుదరదని కూడా చెప్పండి. ప్రతి గడ్డిచోటుకూ ఒక యజమాని ఉంటాడు, ఆయన అనుమతి కావాలి.

పెద్దవాళ్లకు ప్రయాణ బీమా చేయించేటప్పుడు షుగరు సంగతి దాచకండి. సందర్శకులుగా వచ్చినవాళ్లు ఆసుపత్రిలో చేరితే అక్కడి సర్కారు ఆసుపత్రులు అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తాయి.

నెలాఖరుకు ఇంకా రోజులున్నాయి. మీవారితో మాట్లాడాక, డబ్బు కట్టకముందు, ధవళేశ్వరానికి మీరొక్కరే ఫోన్ చేయండి. మామయ్యగారు బజారుకు వెళ్లిన వేళ చూసుకుని అత్తయ్యగారినే అడగండి: ‘ఇంటి దగ్గరే ఉంటానన్నారు కదా, ఎందుకన్నారు?’ ఆవిడ మొదట ఏమీ లేదంటారు. కాస్త ఆగండి, ఇంకోసారి అడగండి.